పగడానికి కుట్లు వేసిన అరుంధతి

చిక్కడపల్లిలో జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళని ఎవరినడిగినా అరుంధతి గురించి రెండు సంగతులు చెబుతారు. ఆవిడ కుట్టిన జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉంటుంది. ఆవిడ నోటికి జడిసి, చెప్పిన తేదీకి ఒక్క రోజు ముందు కూడా ఎవరూ దుకాణం మెట్లెక్కరు. మూడో సంగతి చాలామందికి తెలియదు. నారాయణగూడలో వాళ్ళింటి ముందుగదిలో, అందరిళ్ళలో టీవీ ఉండే చోట, మూడున్నర అడుగుల గాజు తొట్టిలో ఆవిడ ఒక సముద్రాన్ని పెంచుతోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని భర్త ఉమాకాంత్ అంటూనే ఉంటాడు. అంటూనే రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని దాని ముందే కూర్చుంటాడు.

సముద్రమంటే కెరటాలూ ఓడలూ కాదు లెండి. కొలిచి కలిపిన ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, కాస్త ఇసుక, తెల్ల చారల నారింజ చేపలు రెండు, నీళ్ళు కదలడానికి ఒక పంపు, పైన నీలం లైటు. మధ్యలో రాతి మీద భోజనం పళ్ళెమంత పగడం. పగడమనగానే ఉంగరంలో పొదిగే ఎర్రపూస గుర్తొస్తుంది మనకి. అది ప్రాణం లేనిది. ఇది బతికున్నది, మెత్తనిది, పుట్టగొడుగు ఆకారంలో లేత గోధుమరంగులో ఉంటుంది. ఇంగ్లీషులో లెదర్ కోరల్ అంటారు. అరుంధతికి అది గొడుగు, అంతే. పొద్దున లైటు వెలగ్గానే గొడుగు ఒళ్ళు విరుచుకుని ఉబ్బుతుంది. దాని తలనిండా ఆవపూవంత పూలు వందలకొద్దీ విచ్చుకుని నీళ్ళలో ఊగుతాయి. వేలు తగిలితే చాలు, అన్నీ లోపలికి ముడుచుకుంటాయి. అవి పూలు కావు, నోళ్ళు అని కమలాకుమారి మేడం ఎన్నిసార్లు చెప్పినా అరుంధతి వినదు. "నోళ్ళైతే నాకు దుకాణంల చాలవా మేడం" అంటుంది.

ఈ కమలాకుమారి గారిది అశోక్‌నగర్. అసలు ఊరు కాకినాడ. తండ్రికి సచివాలయంలో ఉద్యోగమై ఆవిడ పరికిణీలు కట్టుకునే రోజుల్లోనే హైదరాబాదు వచ్చేశారు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పారు. పెళ్ళి వద్దనుకున్నారు, చేసుకోలేదు. రిటైరవడానికి ముందే ఇంట్లో సముద్రపు తొట్టి పెట్టుకున్నారు. అరుంధతి కథ వేరే. కవాడిగూడలో పుట్టింది. తండ్రి పనిచేసే మిల్లు మూతపడితే తల్లి కుట్టుమిషను తొక్కింది, పద్నాలుగో ఏట కూతురూ పక్కన కూర్చుంది. చదువు అక్కడితో సరి. ఈ ఇద్దరూ కలిసింది జాకెట్టు కొలతల దగ్గర. మేడంకి మోకాళ్ళ నొప్పులని అరుంధతి కొలతలకి అశోక్‌నగర్ వెళ్ళింది. టేపు మెడలో వేసుకుని తొట్టి ముందు నిలబడిన మనిషి అరగంట కదల్లేదు. వచ్చిన పని మరిచిపోయింది.

ఆ అరగంట చూసే మేడం ఆమెను మెచ్చుకున్నారు. ఏడాది పాటు నీళ్ళ పాఠాలు చెప్పి, చిన్న తొట్టి పెట్టించి, చివరికి తన గొడుగు అంచులోంచి బొటనవేలంత ముక్క కోసి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చారు. పదకొండేళ్ళ కింద మాట. ఆ ముక్కే పళ్ళెమంతైంది. అరుంధతికి పిల్లలు లేరా అంటే ఉన్నారు, ఒక అమ్మాయి ఉంది, పెళ్ళై కరీంనగర్‌లో హాయిగా ఉంది. కాబట్టి ఎవరూ జాలి పడనక్కర్లేదు. గొడుగంటే ఆమెకు ఇష్టం, అంతకంటే కారణం లేదు.

మొన్న ఏప్రిల్ ఆఖరున మేడం ఎవరో దాయాదుల గృహప్రవేశానికి కాకినాడ వెళ్ళారు. మూడు రోజులు. వెళ్ళిన రోజే ఫ్లాటులో ఫ్యూజు ఎగిరిపోయింది. ఇన్వర్టరు ఆ సాయంత్రం దాకా లాగింది. తర్వాత పంపు ఆగింది, నీళ్ళు చల్లబరిచే ఫ్యాన్లు ఆగాయి, తలుపులు మూసిన గది పొయ్యిలా కాగింది. ఆవిడ వచ్చి తాళం తీసేసరికి తొట్టిలో నీళ్ళు గంజిలా తెల్లగా ఉన్నాయి. చేపలు పోయాయి. పద్దెనిమిదేళ్ళ గొడుగు కరిగి రాతి మీద ముద్దగా మిగిలింది.

అరుంధతికి ఇవేవీ తెలియవు. కుట్టిన జాకెట్లు ఇద్దామని వెళ్ళింది. ఇల్లంతా నీచు వాసన, దాన్ని చంపడానికి వెలిగించిన అగరొత్తుల వాసన. కడిగి బోర్లించిన రాళ్ళు బాల్కనీలో ఎండుతున్నాయి.

"జాకెట్లు అక్కడ పెట్టమ్మా" అన్నారు మేడం. ఏమైందో నాలుగు ముక్కల్లో చెప్పారు, పాఠం చెప్పినట్టు.

"మళ్ళ పెడ్దాం మేడం" అంది అరుంధతి.

"వద్దు. నాకు డెబ్బై రెండొచ్చాయి. అది అంతదవడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఇప్పుడు మొదలుపెట్టి నేనేం చూస్తాను చెప్పు? పక్కవీధిలో కోచింగ్ సెంటర్ ఆయన తొట్టి కావాలన్నాడు. నెలాఖరు ఆదివారం వచ్చి పట్టుకెళ్తాడు. రిసెప్షన్లో పెట్టి గోల్డ్ ఫిష్‌లు వేస్తాట్ట."

గోల్డ్ ఫిష్‌లనేసరికి అరుంధతికి ఒళ్ళు మండింది. కానీ ఆమెను భయపెట్టింది గోల్డ్ ఫిష్‌లు కావు. మేడం గొంతు. ఎప్పుడూ గది అవతలికి వినపడే ఆ గొంతు కిందికి దిగిపోయి ఉంది. వారం నుంచి వాకింగ్‌కి ఇందిరా పార్కుకి కూడా వెళ్ళలేదని వాచ్‌మన్ కింద చెప్పాడు. ఈ తొట్టి గుమ్మం దాటితే మేడం ఇంక గుమ్మం దాటరని అరుంధతికి అనిపించింది. ఎందుకనిపించిందంటే చెప్పలేదు. మనుషుల కొలతలు తీసేవాళ్ళకి కొన్ని తెలుస్తాయి.

"ఇరవై ఒక్క రోజులు ఆగుండ్రి మేడం. నా గొడుగు మీరిచ్చిందే గద. దాన్ని కోసి మీకు తెచ్చిస్త."

"దాని జోలికి వెళ్ళకు అరుంధతీ. పదకొండేళ్ళు పెంచావు. కోత వికటిస్తే ముక్కా పోతుంది, తల్లీ పోతుంది."

"నా చేతుల ఏది ఖరాబ్ గాదు. మీరు తొట్టిల ఉప్పునీళ్ళు కలిపి పంపు నడిపియ్యుండ్రి. గంతే."

మేడం సరేననలేదు. తొట్టి ఎలాగూ నెలాఖరు దాకా ఇక్కడే ఉంటుంది కదా అన్నారు. అరుంధతికి ఆ మాట చాలు. మర్నాడే తన తొట్టిలోంచి రెండు పాత రాళ్ళు తెచ్చి మేడం తొట్టిలో వేసింది. పాలల్లో తోడు వేసినట్టు, పాత రాళ్ళలో ఉండే సూక్ష్మజీవులు కొత్తనీళ్ళను బతికే నీళ్ళుగా మారుస్తాయి. ఇది మేడం నేర్పిన పాఠమే.

ఇంట్లో ఉమాకాంత్ ఊరుకుంటాడా? హిమాయత్‌నగర్ కళ్ళజోళ్ళ దుకాణంలో లెన్సులు బిగిస్తాడాయన, పొద్దంతా నోరు మూసుకుని చేసే పని. మిగిల్చిన మాటలన్నీ ఇంటికొచ్చాక వాడతాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? మేడమే వద్దంటున్నది."

"కంద సంగతి మీకేం తెల్సు? ఊకోండ్రి."

ఊకున్నాడు. అరుంధతి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయనకు పాతికేళ్ళ నుంచి తెలుసు.

మంగళవారం దుకాణానికి సెలవు. ఆ రోజే కోద్దామనుకుంది గానీ ఆశమ్మ పడనివ్వలేదు. ఆశమ్మ దుకాణంలో హుక్కులు, కాజాలు కుట్టే పెద్దమనిషి, అరుంధతి కంటే పదేళ్ళు పెద్దది. "మంగళారం కొత్త గుడ్డకే కత్తెర వెట్టం. పానం ఉన్నదానికి వెడ్తవా?" అంది. దాంతో పని బుధవారం పొద్దుటికి పడింది, దుకాణం తెరవక ముందు. చెప్పిన నేరానికి ఆశమ్మే సాయం రావాల్సొచ్చింది.

తొట్టి నీళ్ళే పోసిన తెల్ల ట్రేలో గొడుగును రాయితో సహా దించింది అరుంధతి. చేతులకు గ్లౌజులు, కళ్ళకు ఉమాకాంత్ తెచ్చిన అద్దాలు. గొడుగును కోస్తే జిగురు చిమ్ముతుంది, ఆ జిగురు కళ్ళకు మంచిది కాదు, మిగతా జీవాలకు అసలే మంచిది కాదు. పైకి తీయగానే పళ్ళెమంత గొడుగు ముడుచుకుని పిడికిలంతైంది. కత్తెర పక్కన పెట్టి కొత్త బ్లేడు తీసింది. కత్తెర నలుపుతుంది, బ్లేడు కోస్తుంది, తేడా ఉంది. అంచు వెంట ఒక్క గీత. వేలెడు వెడల్పు పట్టీ ఊడి వచ్చింది, దాన్ని అయిదు ముక్కలు చేసింది.

"ఏందమ్మా, చీమిడి లెక్క కార్తున్నది" అంది ఆశమ్మ, మొహం తిప్పుకుని.

"గదే దాని మందు, ఆశమ్మా. కడిగి కడిగి పెట్టాలె."

రెండు గిన్నెల్లో మార్చి మార్చి కడిగింది. తర్వాత అసలు పని. కోసిన ముక్క ఊరికే నీళ్ళలో వదిలితే కొట్టుకుపోతుంది. చిన్న రాయికి దాన్ని ఆనించి ఉంచాలి, అది తనంతట తనే రాయిని పట్టుకోవాలి. జిగురు మీద జిగురు అంటదు గనక గమ్ము పనికిరాదు. సూదీ నైలాన్ దారం ఉన్న మనిషికి గమ్ముతో పనేంటి? ఒక్కో ముక్కకు నాలుగేసి కుట్లు వేసి రాయికి బిగించింది. బిగింపు చూసి తనకే ముచ్చటేసింది. అయిదో ముక్క దగ్గర దారం అయిపోయింది. మిగిలిన జానెడుతో వదులుగా ఒక్క కుట్టు వేసి, చేతగాని పని అని తనను తనే తిట్టుకుంది.

తల్లి గొడుగు తన చోటికి వెళ్ళింది, ఒక పక్క కొరికిన రొట్టెలా ఉంది. అయిదు ముక్కలూ ఇసుక మీద వరసగా కూర్చున్నాయి. జిగురు విషాన్ని పీల్చే బొగ్గు సంచీ నీళ్ళలో వేసింది. లైటుకు అడ్డంగా లైనింగు గుడ్డ కట్టి వెలుతురు తగ్గించింది.

"పచ్చి బాలింత లెక్క చూస్కోవాలె" అంది ఆశమ్మ, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "గాలి తగలనియ్యొద్దు."

నీళ్ళలో గాలంటే పంపు తోసే ప్రవాహమే కదా. అరుంధతి పంపు మీట సగానికి తగ్గించింది. చిన్న ముక్కలు, కొత్త కుట్లు, నీళ్ళ విసురు తగలకపోతేనే మంచిది. మాట బాగానే ఉంది. ఎవరికి బాగుందో ఎవరికి బాగాలేదో అప్పుడు ఆలోచించలేదు.

నాలుగు రోజులు తొట్టిలో చెయ్యి పెట్టలేదు. ఆవిరైన నీళ్ళకు బదులు మంచినీళ్ళు పోయడం తప్ప ఏమీ చేయలేదు. దుకాణంలో పెళ్ళి జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి, ఎవరొచ్చి అడిగినా ఆ వారం ఆమె ఒక్క మాటా అనలేదు. జనం భయపడ్డారు.

అయిదో రోజు పొద్దున లైనింగు గుడ్డ తొలగించి చూసింది. కుట్టిన చోటల్లా దారం కండను కోసుకుంటూ లోపలికి దిగింది. మూడు ముక్కలు రెండేసి చీలికలై, బూడిదరంగుకు తిరిగి, తాకితే పొగలా చెదిరిపోయాయి. నాలుగోది సగం పోయింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే పాడైన వాటిని గొట్టంతో లాగి పారేసింది. కుళ్ళిన ముక్క ఉంటే పక్కదాన్నీ కుళ్ళబెడుతుంది. కోసిన పాపం కంటే ఉంచిన పాపం పెద్దది.

అప్పుడు కనబడింది అయిదో ముక్క. చేతగాని కుట్టుతో వదులుగా ఊగిన ముక్క. అది శుభ్రంగా, లేతగా, కాస్త ఉబ్బి కూడా ఉంది.

అరుంధతి నేల మీద కూర్చుని నెత్తి కొట్టుకుంది. దుకాణానికి వచ్చే ప్రతి మనిషికీ తను చెప్పే మొదటి మాట ఒకటుంది. "ఊపిరి బిగపట్టకక్కా, వదులు. పొట్ట లోపల్కి పట్టుకుని కొలతలిస్తే రేపు జాకెట్టు నువ్వు తొడుగుతవా, నీ ఊపిరి తొడుగుతదా?" వదిలాక కొలత తీసి, ఆ పైన లోపల రెండు వేళ్ళ మార్జిన్ వదిలి కుడుతుంది. ముప్పై అయిదేళ్ళ నుంచి తప్పని నియమం. మరి గొడుగు? ట్రేలోకి రాగానే భయంతో ఊపిరి బిగపట్టింది, పళ్ళెమంతది పిడికిలంతైంది. ఆ బిగపట్టిన కొలతకు తను బిగించి కుట్టింది. తెల్లారి నీళ్ళలో ప్రాణం కుదుటపడి ఉబ్బేసరికి దారం కత్తి అయ్యింది. ఏ బడుద్ధాయి దర్జీ చేయని తప్పు, చిక్కడపల్లిలో పేరున్న దర్జీ చేసింది. ఈ మాట ఆమె తన నోటితో తనే అనుకుంది, నేను కల్పించింది కాదు.

అనుకున్నాక లేచింది. మిగిలిన రెండింటికీ కుట్లు విప్పేసింది. లంగావోణీకి కొన్న నెట్టు గుడ్డ జానెడు మిగిలి ఉంటే కడిగి కత్తిరించింది. ప్లాస్టిక్ గిన్నెలో చిన్న రాళ్ళు పరిచి, వాటి మీద ముక్కలను ఊరికే పడుకోబెట్టి, పైన నెట్టును పందిరిలా కట్టింది. తాకదు, నొక్కదు, పారిపోనివ్వదు. సగం పోయిన ముక్కకు పాడైన అంచు బ్లేడుతో తీసేసింది. గిన్నెను విసురు తక్కువున్న మూలకు చేర్చింది.

పదకొండో రోజుకు పెద్ద ముక్క రాయిని పట్టుకుంది. నెట్టు కింద మెల్లగా గిన్నె కదిపితే రాయి కదిలింది, ముక్క రాయితోపాటే కదిలింది. అరుంధతి చప్పట్లు కొట్టింది. చిన్న ముక్క మరో మూడు రోజులకు పట్టుకుంది. పదిహేడో రోజు నెట్టు తీసేసి చూస్తే పెద్ద ముక్క తల మీద పూలు, లెక్కపెడితే తొమ్మిది. ఉమాకాంత్ దుకాణం నుంచి భూతద్దం తెచ్చి మరీ చూశాడు.

"నీ చేతికి మొక్కాలే" అన్నాడు. పాతికేళ్ళలో ఆయన నోట ఇలాంటి మాట మూడుసార్లు వచ్చి ఉంటుంది.

అరుంధతి మాత్రం సంబరపడలేదు. ఆమె చూపంతా తల్లి గొడుగు మీదే. కోసిన నాటి నుంచి అది విచ్చుకోలేదు. పూలన్నీ లోపలే. తలంతా మైనం పూసినట్టు ఒక పొర కమ్మింది, పొర మీద పాచి పట్టి మట్టిరంగుకు తిరిగింది. గొడుగు అప్పుడప్పుడూ ఇలా పొర కమ్మి, మూడు నాలుగు రోజుల్లో దాన్ని వదిలేసి, మళ్ళీ విచ్చుకోవడం మామూలే. కానీ పదిహేడు రోజులు ఎప్పుడూ లేదు. పందొమ్మిదో రోజు కాస్త ఒరిగినట్టు కనిపించింది. ఇచ్చే తొందరలో ఉన్నదాన్ని చంపుకున్నానా అనే భయం ఆమెను పట్టుకుంది. ముక్కను మేడంకి ఇవ్వకుండా ఉంచుకుందామా అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి. వచ్చినందుకు సిగ్గుపడింది కూడా.

ఇరవై ఒకటో రోజు పొద్దున పెద్ద ముక్కను డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కింది. కోచింగ్ సెంటర్ ఆయన రావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

మేడం తొట్టిలో నీళ్ళు తేటగా ఉన్నాయి. పంపు నడుస్తోంది. వేడి సరిగ్గా ఇరవై ఆరు డిగ్రీల దగ్గర ఉంది. వద్దనుకున్న తొట్టికి ఇంత శ్రద్ధేమిటని అరుంధతి అడగలేదు. మేడం డబ్బా మూత తీసి, కళ్ళజోడు మార్చుకుని, చాలాసేపు చూశారు. ముక్కను కాదు, ముక్క రాయిని పట్టుకున్న చోటును.

"బాగా పట్టుకుంది. ఎన్ని కోశావు?"

"అయిదు. మూడు పోయినయి. నా తప్పే మేడం, బిగిచ్చి కుట్టిన."

"ఊఁ. తల్లి విచ్చుకుందా?"

"ఆఁ. మంచిగున్నది మేడం. పూలన్నీ వచ్చినయి."

మేడం డబ్బా బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు తీసి అరుంధతి మొహంలోకి చూశారు.

"ముప్పై ఏళ్ళు ప్రాక్టికల్ పరీక్షలు పెట్టాను. కప్పను కొయ్యకుండానే కోసినట్టు రికార్డు రాసుకొచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశాననుకుంటున్నావ్? వాళ్ళూ ఇలాగే నేల చూసేవాళ్ళు."

అరుంధతి డబ్బాను దగ్గరకు లాక్కుంది.

"మూత పెట్టు. డబ్బా కూడా తీసుకో. ఆటో పిలువు" అన్నారు మేడం, చేతికర్ర వెతుక్కుంటూ. నెల రోజుల తర్వాత ఆవిడ గుమ్మం దాటడం అదే మొదటిసారి. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

నారాయణగూడలో మెట్లు పన్నెండు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ ఎక్కారు. ముందుగదిలోకి రాగానే కూర్చోమన్నా కూర్చోలేదు, మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూశారు. ముందు గొడుగును, తర్వాత పాచి పొరను, తర్వాత పంపును.

"పంపు ఇంత తగ్గించావేం?"

"ముక్కలు కొట్టుకపోతయని మేడం. పచ్చి బాలింతకు గాలి తగలొద్దంటరు గద."

మేడం నవ్వడం మొదలుపెట్టారు. చిన్న నవ్వు కాదు, కర్ర మీద వంగి, కళ్ళు తుడుచుకునేంత నవ్వు. అరుంధతికి కోపం రావాల్సింది, రాలేదు. ఆ గొంతు గది అవతలికి వినపడుతోంది.

"పిల్లకి పొత్తిగుడ్డ చుట్టావు, బాగానే ఉంది. మరి తల్లికి నీళ్ళు పోయొద్దటమ్మా? కోసినచోట జిగురూ మైలా అంతా పొరగా కట్టి వదిలేద్దామని చూస్తోందది, పాపం. తోసే నీళ్ళు లేక అక్కడే ఉండిపోయింది. ముక్కకు నెమ్మది కావాలి. దీనికి విసురు కావాలి. ఇద్దరికీ ఒకే పథ్యం పెడితే ఎలా?"

చిన్న ముక్క ఉన్న గిన్నెను రాయి చాటుకు జరిపించారు. పంపును గొడుగు వైపు తిప్పించి, మీట పూర్తిగా పెంచమన్నారు. గొడుగు తల ఒక్కసారి పక్కకు వాలి ఊగింది. తర్వాత పెద్ద సిరంజి అడిగారు. అరుంధతి దగ్గర సూది లేని మందు సిరంజి ఉంది. తొట్టి నీళ్ళే అందులోకి లాగి, కోసిన అంచు దగ్గర నుంచి మెల్లగా కొట్టమని చెప్పారు.

"ఎక్కడో ఒకచోట అంచు లేస్తుంది చూడు. లాగకు. అదే రావాలి."

మూడో సిరంజికి లేచింది. కాచిన పాల మీద మీగడ ముడతపడ్డట్టు ముడత పడి, పాచితో సహా అరచేయంత పొర ఊడి నీళ్ళలో తేలింది. దాని కింద చర్మం లేత గోధుమరంగు, తడి తడిగా, నున్నగా ఉంది. బ్లేడు గీసిన చోట గుండ్రంగా మడిచి కుట్టినట్టు అంచు మూసుకుని ఉంది. ఎప్పుడో మానిపోయింది గాయం. అరుంధతి ఊడిన పొరను వలతో తీసి బకెట్లో వేసింది.

"పూలెప్పుడొస్తయి మేడం?"

"నాలుగు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. చావదు, నాదీ పూచీ." అప్పటికి కూర్చున్నారావిడ. కూర్చున్నాక కోపం వచ్చింది. "ఇరవై రోజులు అది ముడుచుకుని కూర్చుంటే నన్నొక్క మాట అడగాలని తోచలేదా నీకు?"

"మీరు పరేషాన్ అయితరని..."

"అవుతాను. అయితే ఏం? పరేషాన్ అవడానికి నాకేమైనా మిగిలిందా ఇంట్లో?"

"తప్పైంది మేడం. కానీ మీరే ఇంక వద్దనుకుంటిరి. నేనేం చూస్తనంటిరి."

మేడం పంపు విసురుకు గొడుగు ఊగుతూ ఉంటే చూశారు. రెండో పక్క కూడా పొర అంచు లేచింది, ఈసారి సిరంజి లేకుండానే. ఆవిడ మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఆ డబ్బా ఇటివ్వు. గంటన్నరైంది, నీళ్ళు వేడెక్కుతాయి. ఇంటికెళ్ళి లైటుకి గుడ్డ కట్టాలి, లేకపోతే మొదటిరోజే కమిలిపోతుంది. నీ దగ్గర నెట్టు గుడ్డ ఉందా ఇంకా? కొంచెం పెట్టు."

అరుంధతి నెట్టు కత్తిరించి ఇచ్చింది. మేడం డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నారు, కర్రను అరుంధతికిచ్చారు. గుమ్మం దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఆ కోచింగ్ సెంటర్ ఆయనకి నువ్వే ఫోన్ చెయ్యి. మాటిచ్చాను, నాకు మొహమాటం."

"ఏమని చెప్పాలె మేడం?"

"తొట్టి ఖాళీ లేదని చెప్పు."